మీటర్ల సీతాపతి నడకలు

"ఇంతకీ మీకేం తెలుసని మాకు ఊరు చూపిస్తున్నారు?"

అడిగినావిడ ఒంగోలులో పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. అడిగింది పొద్దున ఏడుంబావుకు, పుదుచ్చేరి సఫ్రెన్ వీధి మూల మీద, మరో పదకొండు మంది వింటుండగా. అడిగించుకున్నవాడు సీతాపతి. అరవైమూడేళ్ళవాడు. నడుముకు కంపెనీవాళ్ళు ఇచ్చిన పంచె, భుజాన కంపెనీవాళ్ళు ఇచ్చిన ఎర్ర తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ తొడిగిన ఆరు కాగితాలు. తెలుగు యాత్రికులకు ఊరు చూపించే పనిలో అది అతని మొదటి రోజు.

ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. ఇరవై నిమిషాలుగా అతను చెప్పిందల్లా ఒకటే. "ఇది ఫ్రెంచోళ్ళ ఇల్లు. ఇదీ ఫ్రెంచోళ్ళ ఇల్లే. ఇది గూడా." పసుపు గోడ కనబడితే ఆగడం, ఆ ముక్క అనడం, తువ్వాలుతో మెడ తుడుచుకోవడం. నాలుగో ఇంటి దగ్గరికి వచ్చేసరికి గుంపులోని పిల్లలు అతనికంటే ముందే ఆ మాట అనేస్తున్నారు.

సీతాపతి నిజం చెప్పేశాడు.

"మీటర్లు తెలుసమ్మా."

"ఏం మీటర్లు?"

"కరెంటు మీటర్లు. ఇరవై ఏడేండ్లు ఈ ఈదుల్లో రీడింగు ఎత్తితిని."

వెనక ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా ఉన్న ఎత్తు గేటు ఇంటిని చూపించి, "అయితే దీని సంగతి చెప్పండి," అంది, నోటి పరీక్షలో విద్యార్థిని నిలబెట్టినట్టు.

సీతాపతి ఆ ఇంటి వైపు చూశాడు. బయటి గోడ, కిటికీ రెక్కలు అతనికి కొత్తగా ఉన్నాయి. ఎప్పుడూ వాటిని చూసినవాడు కాదు. లోపల మెట్ల కింద ఉన్న చెక్క పెట్టె మాత్రం కళ్ళకు కట్టింది.

"ఈ ఇంట్లో మూడు మీటర్లు ఉండాయి. ముందు ఒకటే ఉండె. తల్లి పోయి పదహారో దినం గడిచినాక పెద్దాయన సొంతానికి ఒకటి పెట్టించె. నడిపాయన అది చూసి మారు మాట్లాడకుండా ఇంకొకటి పెట్టించె. పాతది చిన్నాయనకు మిగిలె. వంటిల్లు మాత్రం ఒకటే, ఫ్రిజ్జు ఒకటే. దాని కరెంటు ఎవురి మీటరులో తిరగాలని ఆరేండ్లు కొట్లాట. నేను పోతే ముగ్గురూ బయటికి వచ్చి నిలబడతారు, నేనేదో తీర్పు చెప్పేవాడి మాదిరి."

"మరి చివరికి?"

"ఫ్రిజ్జు చెడిపోయె."

పన్నెండు మందీ దగ్గరికి జరిగారు. మిగతా గంటసేపు సీతాపతి చేతిలోని కాగితాల వంక చూడలేదు. నిజానికి అంతకు ముందూ చూడలేదు. చూసి చేసేదేమీ లేదు, అతనికి తెలుగు చదవడం రాదు.

* * *

ఇది దాపరికం అనడానికి లేదు. ఎవరూ అడగలేదు, అంతే.

సీతాపతి పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది పుదుచ్చేరి ముత్యాల్‌పేటలో. ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు; గుర్తు పెట్టుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో తమిళం, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. అతని వీధిలో నలభై గడపలు ఇలాంటివే. కొట్లాటకూ జోలపాటకూ తెలుగే కానీ, పెండ్లి పత్రిక మాత్రం తమిళంలో అచ్చువేస్తారు. తెలుగు అక్షరం తెలిసిన చివరి మనిషి గాంధీ వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టుకున్న శెట్టిగారు. ఆయన పోయి పదేళ్ళయింది. వచ్చే యాత్రికులేమో పుదుచ్చేరిలో తెలుగు వినబడితే "యానాం నుంచి వచ్చారా?" అంటారు. సీతాపతి జన్మలో యానాం చూడలేదు. మొదట్లో కాదని చెప్పేవాడు. తరువాత్తరువాత అవునన్నా కాదన్నా వాళ్ళు యానాంలో తిన్న చేపల పులుసు గురించే మాట్లాడతారని తెలిసి ఊరుకున్నాడు.

పని దొరికింది ఇడ్లీ పిండి వల్ల. సీతాపతి భార్య కోమల ఇంటి ముందు గ్రైండర్ పెట్టుకుని పిండి రుబ్బి అమ్ముతుంది. చెన్నై నుంచి వచ్చి పక్క వీధిలో అద్దెకున్న రంజని అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి రోజూ అర కిలో తీసుకెళ్ళేది. ఆమె నడిపే కంపెనీ పని యాత్రికులకు ఊళ్ళో కాలినడకన దారి చూపించడం. "ఊరివాళ్ళలా ఊరు చూడండి" అన్నది దాని నినాదం. ఒకరోజు ఆమె పిండి కోసం నిలబడి ఉండగా లోపలి నుంచి కోమల గొంతు వినబడింది.

"ఏందయ్యా, బెల్టు యాడ పెట్టినావు? గ్రైండరు బెల్టు అడిగితే నడుముకు పెట్టుకునే బెల్టు తెచ్చి ఇస్తావా? నీకు మీటరు ఉంటే ఎప్పుడో పీకేసి ఉందురు."

రంజనికి మాటలు అర్థం కాలేదు, భాష ఏదో అర్థమైంది. శని ఆదివారాల్లో తెలుగు కార్లు బారులు తీరుతున్నాయి. సగం మంది మొగవాళ్ళు చవక మందు సీసాల కోసం వస్తారు. ఆడవాళ్ళకూ పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఆ రెండు పూటలు ఏం చెయ్యాలో తోచదు. ఆమె చాలా రోజులుగా తెలుగు మనిషి కోసం వెతుకుతోంది.

"అంకుల్, మీకు తెలుగు వచ్చా?" అని తమిళంలో అడిగింది. రంజనితో అతని మాటలన్నీ తమిళంలోనే.

"వచ్చు," అన్నాడు సీతాపతి.

అడిగిన దానికి సరైన జవాబే అది. నడకకు ఆరు వందలు అంది. వారానికి రెండు. పది రోజుల తరువాత ఆమె హైదరాబాదులో ఎవరిచేతో రాయించిన ఆరు పేజీలు అతని చేతిలో పెట్టి, అన్నీ ఇందులో ఉన్నాయి, చూసుకోండి అంది. సీతాపతి చూసుకున్నాడు. గుండ్రంగా, అందంగా, ముత్యాలు గుచ్చినట్టు ఉన్నాయి అక్షరాలు. ఒక్కటీ తెలియలేదు. చదవడం రాదని చెప్పడానికి నోరు తెరిచి, ఆరు వందలను ఎనిమిదితో గుణించి, నోరు మూసుకున్నాడు.

ఆ ఎనిమిది సార్ల లెక్క వెనక ఇంటి యజమాని చంద్రన్ ఉన్నాడు. సీతాపతి ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నది చంద్రన్ ఇంటి కింది వాటాలో. అద్దె నాలుగున్నర వేలు. వీధి చివర రెండు ఇళ్ళకు సున్నం కొట్టి, గుమ్మానికి తోరణం కట్టి యాత్రికులకు రోజు అద్దెకు ఇస్తున్నారు. ఒక్క రాత్రికి రెండు వేలు. చంద్రన్ చెడ్డవాడు కాడు. అతనికీ కూడికలు వచ్చు. ఒక సాయంత్రం మెట్లు దిగి వచ్చి, "అణ్ణా, ఏప్రిల్‌లో చిత్తిరై నెల పుట్టినప్పటి నుంచి ఎనిమిది వేలు చేసుకుందాం. కుదరకపోతే మీరే చెప్పండి, తొందరేం లేదు," అన్నాడు. తొందర లేదని చెప్పడానికే మనిషి మెట్లు దిగి రావడం అదే మొదటిసారి.

సీతాపతికి పింఛను లేదు. కాంట్రాక్టరు కింద రోజు కూలీ లెక్కన చేశాడు. చేతిలో బుల్లి యంత్రాలు పట్టుకున్న కుర్రాళ్ళు రాగానే కాంట్రాక్టరు అతన్ని రావద్దన్నాడు. కోమల పిండి ఇల్లు గడుపుతుంది. పెరిగిన మూడున్నర వేలు గడపదు. నడకలు ఉంటే ముత్యాల్‌పేటలో ఉంటారు, లేకపోతే లేదు. లెక్క అంత తేలిక.

* * *

ఒంగోలు మేడమ్ ఇంటికి వెళ్ళి ఇంటర్నెట్‌లో కంపెనీ పేజీ మీద పెద్ద వ్యాసమే రాసింది. ఐదుకు ఐదు చుక్కలు ఇచ్చింది. దాన్ని చూసి మరో గుంపు వచ్చింది. రెండు నెలల్లో "మీటర్ల తాత ఉన్నాడా?" అని ఫోను చేసి మరీ రావడం మొదలెట్టారు. రంజని ఆ తెలుగు పొగడ్తలన్నీ కత్తిరించి కంపెనీ గోడ మీద అంటించింది. చుక్కలు లెక్కపెట్టింది గాని, ఒక్క వాక్యం కూడా ఎవరిచేతా చదివించుకోలేదు.

సీతాపతి చూపించే ఊరు ఇలా ఉండేది. బుస్సీ వీధిలో ఒక మేడలో ఏడాదంతా నెలకు కనీస బిల్లు. డిసెంబరులో పదిహేను రోజులు మాత్రం చక్రం గిర్రున తిరుగుతుంది, దొరగారు పారిస్ నుంచి వచ్చి తాత ఫొటోకు దండ వేసి పోతాడు. పెద్ద కాలువకు అటు పక్క, సముద్రం వైపు ఫ్రెంచి వీధులంటే యాత్రికులకు ప్రాణం. మీటరు మాత్రం ఇటు పక్కే తిరుగుతుంది, ఎందుకంటే మనుషులుండేది ఇటు పక్క. పెద్ద మార్కెట్ వెనక ఒక పూల కొట్టు ఆమె పూజగదిలో మీటరు పెట్టించుకుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరని. అతను స్నానం చేసి వచ్చానని చెబితే గాని రీడింగు చూడనిచ్చేది కాదు. నెలకోసారి ఆమెతో అబద్ధం ఆడాల్సి వచ్చేది.

జనం విరగబడి నవ్వేవారు. సీతాపతి నవ్వేవాడు కాదు. అతనికి అది నవ్వించే విషయంగా ఎప్పుడూ తోచలేదు. ఇరవై ఏడేళ్ళు ఎండలో నడిచిన దారిలో మళ్ళీ నడుస్తున్నాడు, ఈసారి పంచెతో. అతను జీవితమంతా ప్యాంటు వేసుకున్నవాడు. ఊరివాడు ఎవడన్న ప్రశ్నకు కంపెనీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: పంచె కట్టినవాడు. మోకాలి కింద అది కాళ్ళకు చుట్టుకుని రెండుసార్లు పడబోయాడు.

"ఈ ఊరంటే మీకు ఎంత ప్రేమండీ!" అంది ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన ఒకావిడ, కళ్ళు చెమర్చి.

"ప్రేమ యాడిదమ్మా," అన్నాడు సీతాపతి. "మోకాళ్ళ నొప్పి ఉండాది."

అదీ హాస్యమే అనుకున్నారు.

ఊరిని ప్రేమించడం చూడవచ్చిన వాళ్ళకు సులువు. సాయంత్రం కారెక్కి పోతారు. ఊళ్ళో ఉన్నవాడికి మురుగు, నీళ్ళ ట్యాంకరు, ఆదివారం వీధిలో అడ్డంగా ఆపిన కార్లు. సీతాపతి ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి గంటన్నర నడకలో తీరిక లేదు, ఇంటికి పోయాక ఓపిక లేదు. కోమల వేడినీళ్ళ బకెట్టు ముందు పెడితే కాళ్ళు అందులో పెట్టి కూర్చుని నిద్రపోయేవాడు.

* * *

మే నెల. కత్తిరి ఎండ అంటారు ఇక్కడ. పొద్దున ఎనిమిదికే రోడ్డు మీద గాలి వణుకుతుంది. నడకలో చివరి మజిలీ ఒక హోటలు. బయట పెద్ద స్తంభాలు, పసుపు గోడ, గేటు పక్కన ఇత్తడి పలక. దాని మీద '1784' అని అంకెలు. అంకెలు సీతాపతికి వచ్చు. యాత్రికులు లోపలికి వెళ్ళి చల్లగా కూర్చుని కాఫీ తాగుతారు. తలకు ఇంత అని హోటలు కంపెనీకి ఇస్తుంది. సీతాపతి గేటు దగ్గర నిలబడాలి. వాచ్‌మన్‌కు ఒక స్టూలు ఉంది. వాచ్‌మన్ లేచినప్పుడు సీతాపతి కూర్చుంటాడు. ఆ రోజు వాచ్‌మన్ లేవలేదు.

ఏడు నెలలుగా ఆ హోటలు ముందు అతను ఒక్క మాటా అనకుండా నెట్టుకొచ్చాడు. "రండి, కాఫీ" అంతే. ఆ రోజు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నవాడు, కాఫీ తాగి బయటికొచ్చి స్తంభాన్ని నిమురుతూ అడిగాడు.

"తాతగారూ, రెండొందల నలభై ఏళ్ళంటే మాటలు కాదు కదా? దీని మీటరు కథేమిటి?"

సీతాపతి సత్యవ్రతం పట్టిన మనిషి కాదు. వానాకాలంలో చాలాసార్లు టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, కిందటి నెల అంకెకు తోచినంత కలిపి రాసినవాడే. అవసరమైతే ఆ పలక మీది అంకె తను కూడా చెప్పగలడు. కానీ అబద్ధానికి కొంచెం ఓపిక కావాలి. మొదట ఒకటి చెబితే దానికి ఆసరాగా ఇంకో రెండు చెప్పాలి, ఎవరో గవర్నరు పేరు తేవాలి, ఆయన భార్య పేరు తేవాలి. ఆ ఎండలో, కూర్చోకుండా గంటా నలభై నిమిషాలు గడిచాక, సీతాపతి దగ్గర అంత సరుకు లేదు.

"ఇదా? ఇది పదునాలుగేండ్లది," అన్నాడు.

"అదేంటి?"

"పాత ఇల్లు ఒకటి ఉండె. వానకు పడిపోయె. మూడేండ్లు ఉత్త జాగా, అరటిపండ్ల బండ్లు నిలబెట్టుకుంటా ఉండ్రి. తరువాత కట్టేదానికని టెంపరరీ లైను ఇచ్చిరి. పదునాలుగు నెలలు ఆ మీటరు నేనే చూస్తిని. ఈ స్తంభాలు లారీలో దిగె. లోపల సిమెంటు. తట్టి చూడు."

కుర్రవాడు తట్టి చూశాడు. బోలు శబ్దం వచ్చింది. ఎవరో కెవ్వున నవ్వారు. వాచ్‌మన్ అప్పుడు లేచాడు, స్టూలు ఖాళీ అయింది. సీతాపతి కూర్చున్నాడు.

అదే రాత్రి కుర్రవాడు పలక ఫొటో, స్తంభం ఫొటో పెట్టి రాశాడు: "ఈ హోటలు కంటే మా అక్కయ్య పెళ్ళి పాతది." వారం తిరిగేసరికి వేలమంది చూశారు. ఆ హోటల్లో దిగిన తెలుగు పెళ్ళివారు ఒకరు గది అద్దె తగ్గించమని బేరం పెట్టి, కారణంగా దాన్ని చదివి వినిపించారు. అలా అది హోటలు యజమాని ముకుందన్ చెవిన పడింది.

* * *

మిషన్ వీధిలో మేడ మీద రంజని ఆఫీసు. సీతాపతి మెట్లెక్కి ఆయాసం తీర్చుకుంటూ ఉండగానే ముకుందన్ అందుకున్నాడు. తెల్ల చొక్కా, నిదానమైన గొంతు.

"పెద్దాయనా, మిమ్మల్ని నేనేమీ అనను. మీకు కాఫీ ఇవ్వలేదా మావాళ్ళు? అందుకేనా?"

"కాఫీ ఎప్పుడూ ఇవ్వలేదు సార్. అందుకు కాదు."

"మరెందుకు?"

సీతాపతి ఆలోచించాడు. "అడిగారు. చెప్పాను."

రంజని మధ్యలో వచ్చింది. ఆమె మొహం రెండు రోజులుగా నిద్రలేనట్టు ఉంది. ముకుందన్ హోటలు లేకపోతే ఆమె కంపెనీకి నెల ఆదాయంలో మూడో వంతు పోతుంది. "సార్, మా స్క్రిప్టులో ఆ మాట లేదు. సరిగ్గానే రాయించాను. అంకుల్, మీ కాగితాలు ఉన్నాయా? ఐదో పేజీ. హోటలు గురించి ఏముందో సార్‌కు చదివి వినిపించండి."

కాగితాలు సంచిలోనే ఉన్నాయి. సీతాపతి తీశాడు. ఐదో పేజీ ఏదో అంకె చూసి పట్టుకున్నాడు. 1784 అన్న చోటు కనబడింది. ఆ నాలుగు అంకెల చుట్టూ గుండ్రటి అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. పంకా తిరుగుతోంది. అతను కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"చదవడం రాదమ్మా."

"కళ్ళజోడు తేలేదా?"

"తెలుగు చదవడం రాదు. మాట్లాడటమే వచ్చు. మా వీధిలో ఎవరికీ రాదు."

రంజని కాగితాన్ని తన వైపు లాక్కుంది. తరువాత, "ఏడు నెలలు!" అంది. "ఏడు నెలలుగా ఏం చెబుతున్నారు మరి వాళ్ళకు?"

"మీటర్ల సంగతి. అంతా వాళ్ళు రాశారు కదమ్మా. మీ గోడ మీద అతికించారు. మీరూ చదవలేదు కదా."

ముకుందన్‌కు నవ్వొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. రంజనికి నవ్వు రాలేదు. ఆమె ఎర్రబడి గోడ వైపు చూసింది, అక్కడ పాతిక కాగితాలు ఆమెకు తెలియని భాషలో ఆమెను మెచ్చుకుంటున్నాయి.

షరతు తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. హైదరాబాదు మనిషి చేత ఆరు పేజీలూ చదివించి ఫోనులోకి పంపుతారు. సీతాపతి విని కంఠస్థం చెయ్యాలి. అందులో ఉన్నదే చెప్పాలి, మీటరు మాట ఎత్తకూడదు. హోటలు దగ్గర పలక మీది అంకె చెప్పాలి. ఒప్పుకుంటే నడకలు ఉంటాయి.

"ఒప్పుకుంటానమ్మా," అన్నాడు సీతాపతి, అడిగిన వెంటనే. ముకుందన్ ఇంకా ఏదో నచ్చజెప్పబోయి ఆగిపోయాడు. ఎదురుతిరుగుతాడని అనుకున్నట్టున్నాడు. నెల అద్దె ఎనిమిది వేలైన ఇంట్లో ఎదురుతిరగడానికి చోటు తక్కువ.

* * *

రెండు వారాలు ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. గంభీరమైన మగ గొంతు, ప్రతి వాక్యం చివరా ఒక నిట్టూర్పు. "సముద్ర కెరటాల సాక్షిగా నిలిచిన ఈ సుందర నగరి..."

కోమల గ్రైండరు ఆపి చెవి ఒగ్గింది. "ఎవురయ్యా వాడు? పురోహితుడా?"

"ఊరి సంగతి చెప్తా ఉండాడు."

"ఏ ఊరు?"

"మన ఊరే."

"మన ఊర్లో నగరి యాడ ఉండాది?" మళ్ళీ గ్రైండరు వేసింది. కాసేపటికి దాని మోత మీదుగా అరిచింది. "సాక్షి అంటే ఏందో తెలుసా నీకు?"

"కోర్టుకు పోతారే, అది."

"కెరటాలు ఎందుకు కోర్టుకు పోయె?"

సీతాపతి ఫోను మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఇంటి తెలుగుకూ ఆ తెలుగుకూ మధ్య దూరం ముత్యాల్‌పేటకూ హైదరాబాదుకూ ఉన్నంత ఉంది. అయినా నేర్చుకున్నాడు. మూడు వేల ఇళ్ళ మీటరు నంబర్లు మోసిన బుర్రకు ఆరు పేజీలు బరువు కాదు. తమిళ అక్షరాల్లో రాసుకుని, పొద్దునే సముద్రపు గట్టు మీద నడుస్తూ వల్లించాడు. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ నిట్టూర్చాలో కూడా ఆ గొంతు ఎలా చెప్పిందో అలాగే పట్టుకున్నాడు.

జూన్ మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చారు. అందరూ మీటర్ల తాత కోసం వచ్చినవాళ్ళే. సీతాపతి సముద్రం వైపు చెయ్యి చాచి మొదలుపెట్టాడు. "సముద్ర కెరటాల సాక్షిగా..."

రెండో మజిలీ దాకా మర్యాదగా విన్నారు. మూడో చోట ఒకాయన ఆపాడు. "బాగుందండీ. ఇక ఆ ముగ్గురు అన్నదమ్ముల ఇల్లు చూపించండి."

"అది లేదు సార్."

"ఇల్లు లేదా?"

"ఇల్లు ఉండాది. చెప్పేది లేదు."

"అదేమిటండీ, దాని కోసమే వచ్చాం! ఫ్రిజ్జు ఇల్లు!"

"ఈ వీధి నిర్మాణ శైలి," అని సీతాపతి అందుకున్నాడు, "ప్రాచ్య పాశ్చాత్య సంగమానికి..." ఒక పిల్ల ఆవులించింది. ఒకావిడ భర్త చెవిలో, వినబడేలాగే అంది: "ఈయన ఆయన కాదేమో. ఆయన సెలవు పెట్టాడేమో." హోటలు దగ్గర అతను పలక మీది అంకె చెప్పాడు, గవర్నరు పేరు చెప్పాడు, నిట్టూర్చాడు. ఒక కుర్రాడు వెళ్ళి స్తంభాన్ని వేళ్ళతో తట్టాడు. అది మాత్రం అన్నీ చెప్పేసింది. మిగతావాళ్ళు నవ్వారు, సీతాపతిని చూసి. ఇన్నాళ్ళూ అతను చెప్పినదానికి నవ్వినవాళ్ళే. ఈ నవ్వు వేరు.

ఆ రాత్రి కంపెనీ పేజీ మీద ఐదుకు ఒక్క చుక్కే పడింది. మరునాడు రెండు. ఈసారి రంజని వాటిని చదివించుకుంది. పాపం, ఆమె కూడా ఏం చేస్తుంది. ముకుందన్‌తో మాట ఇచ్చేసింది. రెండో శనివారం తొమ్మిది మంది, ఆదివారం ఆరుగురు. మూడో శనివారం ఇద్దరే వచ్చారు, తిరుపతి నుంచి వచ్చిన ముసలి దంపతులు. వాళ్ళకు చెవులు సరిగా వినబడవు. వాళ్ళకు మాత్రం సీతాపతి గొంతెత్తి మొత్తం ఆరు పేజీలూ చెప్పాడు. ఆ ఆదివారానికి ఒక్కరూ పేరు నమోదు చేసుకోలేదు.

రంజని ఫోనులోనే చెప్పింది. "అంకుల్, తెలుగు నడక కొన్నాళ్ళు ఆపుదాం. సీజను వచ్చాక చూద్దాం."

"సరే అమ్మా."

"మీరు ఏమీ అనుకోకండి."

"లేదమ్మా."

"ఆ పంచె మీరే ఉంచుకోండి."

కోమల విని, గిన్నెలో పిండి గరిట తిప్పుతూ, "పంచె ఇచ్చి పంపిందా? ఊరేగించి పంపితే బాగుండు," అంది. చేతులు కడుక్కుని వచ్చి అతని పక్కన గడప మీద కూర్చుంది. "చంద్రన్‌తో నేను మాట్లాడతా. నువ్వు పోవద్దు. నువ్వు పోతే వాడు అడిగిన దానికంతా అట్లనే కానియ్ అని వచ్చేస్తావు."

మాట్లాడింది. చంద్రన్ ఏడు వేలకు దిగాడు. ఏడు వేలు కూడా లేవు.

జులైలో బాహూరు పక్కన ఇల్లు దొరికింది. రెండు గదులు, వెనక వరి పొలం, అద్దె మూడు వేలు. ఊళ్ళోకి బస్సులో గంట. అక్కడ పిండి కొనేవాళ్ళు లేరు, ఎవరి ఇంట్లో వాళ్ళే రుబ్బుకుంటారు. కోమల తెల్లవారుజామున రెండు బకెట్లతో మొదటి బస్సెక్కి ముత్యాల్‌పేటలో పాత ఇంటి ఎదుటి అరుగు మీద కూర్చుని అమ్మి తొమ్మిదింటికి తిరిగి వస్తుంది. బకెట్లు ఎక్కించడానికి సీతాపతి బస్సు దాకా వెళతాడు, దించడానికి మళ్ళీ వెళతాడు. ఆ మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. ఊరు చూడాలని అతనికి అనిపించలేదు, ఈ ఊరైనా ఆ ఊరైనా.

పక్క వీధిలో ఉన్న రంజని ఇంటికి కోమల పోదు. రంజనే అరుగు దగ్గరికి వస్తుంది, అర కిలో కొని, డబ్బులిచ్చి, అంకుల్ ఎలా ఉన్నారని అడిగి పోతుంది. జూన్‌లో సీతాపతి కంఠస్థం చేసి చెప్పిన నడకలు ఐదు. వాటి తాలూకు మూడు వేలు ఇంకా రావాలి.